కోర్టు గెలిచింది, సెమిస్టర్ పోయింది

“ఒరేయ్, నువ్వు ఊరికే టెన్షన్ పడతావు. లెక్క చూడు. ట్రంప్ ప్రభుత్వం హార్వర్డ్ ఫండ్స్ ఆపడం చెల్లదని జడ్జి చెప్పింది. మెడికల్ రీసెర్చ్‌కి డబ్బులిచ్చే ఎన్‌ఐహెచ్ పెట్టిన కోత చెల్లదన్నారు. డీఈఐ, అదే వైవిధ్యం, సమానత్వం పేరుతో నడిపే కార్యక్రమాలు ఆపమన్న లెటర్ కొట్టేశారు. విదేశీ స్టూడెంట్ల హోదా నమోదయ్యే సెవిస్ రికార్డులు ప్రభుత్వం తనంతట తనే వెనక్కి ఇచ్చింది. ఇంకేం కావాలి? సిస్టమ్ బ్రహ్మాండంగా పనిచేస్తోంది.”

ఈ మాట అన్నవాడు నాతో పాటు ఎంఎస్‌కి వచ్చినవాడు. ఇప్పుడు సిటిజన్. పోయిన ఎన్నికల్లో ట్రంప్‌కి ఓటేశాడు, ఆ సంగతి ఎవరి దగ్గరా దాచడు. మేమిద్దరం ఫోన్లో పోట్లాడుకుంటాం, శనివారం ఎవరో ఒకరి ఇంట్లో కలిసి భోంచేస్తాం. వాడు చెప్పిన తీర్పులన్నీ నిజమే. అయినా ఫోన్ పెట్టేశాక నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. ఎందుకు కాలేదో తేల్చుకుందామని ఈ పోస్టు మొదలుపెట్టాను.

2025 జనవరి నుంచి వైట్‌హౌస్ చదువుల మీద తెస్తున్న మార్పుల్లో కొన్నింటితో నాకు పేచీ ఉంది, కొన్నింటితో అంతగా లేదు. కానీ ఎక్కువ నష్టం చేస్తున్నది అవి వచ్చే పద్ధతి. సంతకం పడ్డ రోజు నుంచే అమలు, తప్పొప్పుల విచారణ తర్వాత. బడి అయినా యూనివర్సిటీ అయినా క్యాలెండర్ మీద నడుస్తుంది. ఆగస్టులో క్లాసులు మొదలవ్వాలంటే మార్చిలో సీట్లు తేలాలి, మేలో టీచర్లు తేలాలి, జూన్‌లో వీసాలు తేలాలి. సెప్టెంబరులో కోర్టు ఎంత మంచి తీర్పు ఇచ్చినా ఆ ఆగస్టు వెనక్కి రాదు. అదను దాటిపోయాక కాలువకి నీళ్లు వదిలితే నీళ్లు నిజంగానే వస్తాయి, ఆ ఏడు పంట మాత్రం ఉండదు. మావాడు నీళ్లు వచ్చాయా లేదా అని లెక్కపెడుతున్నాడు.

జులై ఒకటి

మా ఆవిడ ఇక్కడ డాలస్ శివార్లలో ఒక ఎలిమెంటరీ స్కూల్లో ఎయిడ్‌గా పనిచేస్తుంది. ఇంగ్లిష్ రాని పిల్లలు క్లాసులో టీచర్ చెప్పేది అందుకోలేకపోతే వాళ్ల పక్కన కూర్చుని అందిస్తుంది. చిన్న ఉద్యోగం, చిన్న జీతం. హోండురాస్ పిల్లలు, అఫ్గాన్ పిల్లలు, ఏడాదికో ఇద్దరు మనవాళ్లు. ఆ మధ్య కరీంనగర్ నుంచి వచ్చిన ఒకటో తరగతి పిల్లాడు మొదటి వారమంతా నోరు విప్పలేదట. మధ్యాహ్నానికి కాళ్లు ముడుచుకుని కూర్చునేవాడు. ఒకరోజు ఈవిడ వంగి చెవిలో “బాత్రూమ్‌కి వెళ్లాలా నాన్నా?” అంటే వాడు ఆవిడ మొహంలోకి చూసి ఏడ్చేశాడు. బాత్రూమ్‌కి ఎలా అడగాలో తెలీక వారం రోజులు బిగబట్టుకుని కూర్చున్నాడు.

ఇలాంటి పనికి కొంత డబ్బు ఫెడరల్ ప్రభుత్వం నుంచి వస్తుంది. టైటిల్ త్రీ అంటారు. ఏటా జులై 1న రాష్ట్రాలకి విడుదలవుతుంది, అది నమ్ముకునే స్కూళ్లు జూన్‌లో ఉద్యోగాలు రెన్యూ చేస్తాయి. 2025కి కూడా కాంగ్రెస్, అంటే ఇక్కడి పార్లమెంటు, మార్చిలోనే బడ్జెట్ పాస్ చేసింది, దాని మీద సంతకం పెట్టింది ట్రంపే. తీరా జూన్ 30న, గడువుకి ఒక్క రోజు ముందు, రాష్ట్రాలకి మెయిల్ వచ్చింది: పరిశీలనలో ఉంది, రేపు డబ్బు రాదు. ఇంగ్లిష్ నేర్చుకునే పిల్లల డబ్బు, వలస కూలీల పిల్లల చదువు డబ్బు, టీచర్ల శిక్షణ డబ్బు, బడి అయ్యాక సాయంత్రం నడిపే క్లాసుల డబ్బు, అన్నీ కలిపి 680 కోట్ల డాలర్ల పైమాట. ఈ డబ్బు వామపక్ష అజెండాకి వాడుతున్నారేమో చూస్తున్నామని వైట్‌హౌస్ బడ్జెట్ ఆఫీసు చెప్పింది.

మా ఆవిడకి వచ్చిన రెన్యువల్ లెటర్‌లో ఆ ఏడు ఒక కొత్త వాక్యం చేరింది, ఫండింగ్ వస్తేనే ఈ ఉద్యోగం అని. ఆ బిల్డింగులో ఇలాంటి ఎయిడ్‌లు నలుగురు. ఒకావిడ భర్తకి అప్పటికే ఉద్యోగం పోయి ఉంది, ఆవిడ ఆగలేదు, కాస్ట్‌కోలో చేరిపోయింది. ఇంకొకావిడ డేకేర్‌కి వెళ్లిపోయింది. మా ఇంట్లో నా జీతం ఉంది కాబట్టి మా ఆవిడ ఆగగలిగింది.

తర్వాత ఏం జరిగిందంటే, పది మంది రిపబ్లికన్ సెనేటర్లే బడ్జెట్ ఆఫీసుకి ఉత్తరం రాశారు, ఇది కాంగ్రెస్ ఇచ్చిన డబ్బు, వదలండి అని. రాష్ట్రాలు కొన్ని కోర్టుకెళ్లాయి. జులై 25కల్లా మొత్తం విడుదల చేస్తున్నట్టు ప్రకటించారు. మావాడి లెక్కలో ఇదీ గెలుపే. పైసా తగ్గకుండా వచ్చింది. వెళ్లిపోయిన ఇద్దరు మాత్రం రాలేదు. ఎందుకొస్తారు, వచ్చే జులైలో మళ్లీ ఇదే అయితే? కొత్తవాళ్లని తీసుకుని, బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేయించి, పనిలో పెట్టేసరికి అక్టోబరు దాటింది. కొత్తగా వచ్చిన పిల్లలకి మొదటి రెండు నెలలే అసలైన నెలలు. ఆ రెండు నెలలూ నలుగురి పని ఇద్దరు చేశారు.

ఇది అమెరికా ప్రత్యేకత ఏమీ కాదు, ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం కాలేజీలు గేట్లు మూసుకోవడం, సర్టిఫికెట్లు ఆపుకోవడం చూసిన మనకి ఈ నొప్పి కొత్తగా చెప్పక్కర్లేదు. తేడా ఏమిటంటే అక్కడ డబ్బు లేదంటారు. ఇక్కడ డబ్బు ఉంది, చట్టం ఉంది, సంతకం కూడా ఉంది.

మావాడి లెక్కలో లేనిది

మార్చి 20న వైట్‌హౌస్‌లో ఒక హాలు నిండా స్కూలు డెస్కులు వేసి, పిల్లల్ని కూర్చోబెట్టి, వాళ్ల మధ్య ట్రంప్ ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్ మూసివేతకి సంతకం పెట్టాడు. పిల్లలు కూడా తమ ముందున్న కాగితాల మీద సంతకాలు పెట్టి పైకెత్తి చూపించారు. ఆ వీడియో మీరూ చూసే ఉంటారు. అంతకు తొమ్మిది రోజుల ముందే ఉద్యోగుల్ని దాదాపు సగానికి తగ్గిస్తున్నట్టు ప్రకటించేశారు. నాలుగు వేల చిల్లర మంది రెండు వేల చిల్లర అయ్యారు.

ఆ వారం పిల్లలకి తెలుగు నేర్పే మనబడి క్లాసు బయట ఒకమ్మాయి నన్ను పట్టుకుంది. వాళ్లబ్బాయికి ఆటిజం, స్కూల్లో ఐఈపీ, అంటే వాడి కోసం విడిగా రాసిన చదువు ప్లాన్, ఉంది. “అన్నయ్యా, డిపార్ట్‌మెంటే ఎత్తేస్తే మా వాడి ఐఈపీ పోతుందా?” పోదమ్మా అన్నాను. ఆ హక్కు ఇచ్చిన చట్టం 1975 నాటిది, డిపార్ట్‌మెంట్ పుట్టింది 1979లో. చట్టం డిపార్ట్‌మెంట్ కంటే పాతది. పైగా కాంగ్రెస్ పెట్టిన శాఖని కాంగ్రెసే తీసేయాలి. నేను చెప్పినదంతా నిజమే, ఆ అమ్మాయి మొహం మాత్రం తేటపడలేదు. ఎందుకంటే వాళ్లు అప్పటికే స్కూలు మీద, వివక్ష ఫిర్యాదులు చూసే సివిల్ రైట్స్ ఆఫీసులో ఫిర్యాదు చేసి ఎదురుచూస్తున్నారు. డిపార్ట్‌మెంట్‌కి దేశంలో పన్నెండు ప్రాంతాల్లో అలాంటి ఆఫీసులుంటే ఏడు మూసేశారు. మూసిన వాటిలో డాలస్ ఒకటి. హక్కు చెక్కుచెదరలేదు. అడగడానికి వెళ్లే గడప ఎక్కడుందో మాత్రం చాలా వారాలు ఎవరూ చెప్పలేకపోయారు.

మేలో బోస్టన్ జడ్జి ఒకరు ఈ తొలగింపుల్ని ఆపారు. జులై 14న సుప్రీంకోర్టు ఆ ఆపడాన్ని ఆపేసింది. కారణం ఒక్క ముక్క రాయలేదు. ముగ్గురు జడ్జీలు మాత్రం కలిసి ఒక అసమ్మతి ఇచ్చారు. మావాడు చదివిన గెలుపుల జాబితాలో ఇది లేదు, చూసుకోండి.

న్యాయంగా అవతలి మాట కూడా చెప్పాలి. స్కూళ్ల ఖర్చులో ఫెడరల్ వాటా నూటికి పది డాలర్లు, అంతే. మిగతాదంతా రాష్ట్రాలూ ఊళ్లూ పెట్టుకునేదే. సివిల్ రైట్స్ ఆఫీసులో ఫైళ్లు ఏళ్ల తరబడి పడి ఉండడం కొత్తగా వచ్చిన జబ్బు కాదు. ఈ శాఖ అక్కర్లేదని రిపబ్లికన్లు రీగన్ కాలం నుంచి బహిరంగంగానే చెబుతున్నారు, ఆ మాట చెప్పే గెలిచారు. అయితే సభలో ఓట్లు కూడగట్టి తీసేయొచ్చు. ఏ పని ఏ ఆఫీసుకి వెళ్తుందో ముందే రాసి, ఆ మేరకు మనుషుల్ని మార్చి, తర్వాత తాళం వేయొచ్చు.

శుక్రవారం సాయంత్రం

ఈ ఉత్తర్వులకి శుక్రవారం అంటే ఎందుకో ఇష్టం.

ఫిబ్రవరి 7 శుక్రవారం. ఆ సాయంత్రం ఎన్‌ఐహెచ్ ఒక నోటీసు పెట్టింది. రీసెర్చ్ గ్రాంట్ల మీద యూనివర్సిటీలకి ఇచ్చే ఓవర్‌హెడ్ సోమవారం నుంచి 15 శాతానికి మించదు. ల్యాబ్ కరెంటు, ఎలుకల్ని చూసుకునే మనుషులు, రసాయనాల సేఫ్టీ, అకౌంట్లు, ఇవన్నీ ఆ ఓవర్‌హెడ్‌లోంచే నడుస్తాయి. చాలా పెద్ద యూనివర్సిటీలకి అది 50 శాతం పైనే ఉంటుంది, హార్వర్డ్‌కి 69. మరీ ఎక్కువ కాదా అని ఎవరైనా అడిగితే అడగదగ్గ ప్రశ్నే. 2017లో ట్రంప్ మొదటి ప్రభుత్వం అడిగింది కూడా. కాంగ్రెస్ వద్దంది, వద్దని ఆ తర్వాత బడ్జెట్ చట్టంలో రాసిపెట్టింది. అందుకే కోర్టులో ఈ కేసు నిలబడలేదు. నోటీసు వచ్చిన కొద్దిరోజుల్లోనే జడ్జి ఆపింది, ఏప్రిల్‌లో శాశ్వతంగా కొట్టేసింది, 2026 జనవరిలో అప్పీలు కోర్టు కూడా అదే ఖాయం చేసింది.

అంటే ఆ కోత ఆచరణలోకి రానే లేదు. ఇప్పుడు క్యాలెండర్ చూడండి. పీహెచ్‌డీ ఆఫర్లు వెళ్లేది ఫిబ్రవరి, మార్చి నెలల్లో. విద్యార్థి చేరతాడో లేదో చెప్పాల్సిన ఆఖరి తేదీ ఏప్రిల్ 15. సరిగ్గా ఆ రోజుల్లో, డబ్బు ఉంటుందో ఉండదో తెలీక, మాసచూసెట్స్ యూనివర్సిటీ వాళ్ల చాన్ మెడికల్ స్కూల్ తాను ఇచ్చిన పీహెచ్‌డీ ఆఫర్లని వెనక్కి తీసుకుంది. ఇంకా చాలాచోట్ల సీట్లు తగ్గించారు, నియామకాలు ఆపారు. అమలు కాని కోత వల్ల పోయిన సీట్లివి. తీర్పు వచ్చాక ఆ పిల్లలకి ఫోన్ చేసి “రండమ్మా, మనం గెలిచాం” అని ఎవరంటారు? వాళ్లు అప్పటికి వేరే దారి చూసుకుని ఉంటారు.

ఇక్కడ మావాడు ఒక మాటన్నాడు, అది నాకు బాగానే తగిలింది. “అది ప్రభుత్వం తప్పా, మీ యూనివర్సిటీల పిరికితనమా? హార్వర్డ్ దగ్గర 5 వేల కోట్ల డాలర్ల పైన ఎండోమెంట్, అదే విరాళాల నిధి, ఉంది. ఒక్క ఏడాది సొంత డబ్బుతో నడపలేరా?” కొంత నిజం ఉంది. కొలంబియాకి మార్చి 7న 40 కోట్ల డాలర్ల గ్రాంట్లు ఆపితే, వాళ్లు కోర్టు మెట్లెక్కలేదు. బేరమాడి, జులైలో 22 కోట్ల పైన కట్టడానికి ఒప్పుకున్నారు. ప్రభుత్వం పెట్టిన షరతులకి హార్వర్డ్ ఏప్రిల్‌లో కుదరదంది, అదే రోజు 220 కోట్ల డాలర్లు ఆగిపోయాయి, అయినా కేసు వేసి సెప్టెంబరు 3న జడ్జి ఆలిసన్ బరోస్ దగ్గర గెలిచింది. ప్రభుత్వం అప్పీలుకి వెళ్లింది. కాబట్టి నిలబడగలిగినవాళ్లు ఉన్నారు. కానీ నిలబడగలిగేది ఎవరు? అంత ఎండోమెంట్ ఉన్నవాళ్లు. మన పిల్లలు ఎక్కువగా చేరే మామూలు స్టేట్ యూనివర్సిటీలకి ఆ స్తోమత ఎక్కడిది? అసెంబ్లీ ఇచ్చేది ఒక పక్క తగ్గుతోంటే, బయటి దేశాల ఎంఎస్ విద్యార్థులు కట్టే ఫీజులతో బండి లాగుతున్నవాళ్లు వాళ్లు.

డీఈఐ సంగతీ ఇంతే. నాకు ఆ ఆఫీసుల మీద పెద్ద ప్రేమేమీ లేదు, మా కంపెనీ ట్రైనింగ్ వీడియోల్ని మ్యూట్‌లో పెట్టి ఇడ్లీలు తిన్నవాణ్ణే. కానీ జరిగిన క్రమం చూడండి. ఫిబ్రవరి 14న ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్ ఒక లెటర్ పంపింది: జాతిని లెక్కలోకి తీసుకునే కార్యక్రమాలు ఆపండి, లేకపోతే ఫెడరల్ డబ్బు పోతుంది, మీకు 14 రోజులు. మార్చి ఆఖరుకి మిషిగన్ లాంటి పెద్ద యూనివర్సిటీయే తన డీఈఐ ఆఫీసులు మూసేసింది. ఆగస్టు 14న మేరీలాండ్ జడ్జి ఆ లెటర్ తెచ్చిన పద్ధతి చట్టవిరుద్ధమని కొట్టేసింది. మూసిన తలుపులు తెరుచుకోలేదు. ఉత్తర్వు రాసినవాళ్లకి కావలసింది ఆరు నెలల్లో దొరికిపోయాక, చివర్లో ఆ కాగితం చిరిగితే వాళ్లకి పోయిందేముంది?

మన పిల్లల సంగతి

2025 ఏప్రిల్లో మా వీధిలో అద్దెకుండే ఖమ్మం కుర్రాడికి పొద్దున్నే యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. నీ సెవిస్ రికార్డు టర్మినేట్ అయింది, మేం చేసింది కాదు, మాకూ ఇప్పుడే తెలిసింది, క్యాంపస్ ఉద్యోగం ఈ రోజు నుంచి ఆపెయ్. ఎప్పుడో స్పీడింగ్‌కి పోలీసు ఆపి వేలిముద్రలు తీసుకున్నాడట, ఆ కేసు కొట్టేసి కూడా చాలా కాలమైంది. తర్వాత కోర్టుల్లో బయటపడ్డదేమిటంటే, పదమూడు లక్షల మంది విదేశీ విద్యార్థుల పేర్లని నేరాల డేటాబేస్‌తో కంప్యూటర్లో సరిపోల్చితే, ఆరు వేల చిల్లర పేర్లు తగిలాయి. శిక్ష పడ్డవాడూ, ఊరికే ఆపి వదిలేసినవాడూ ఒకే జాబితాలో. వేల మంది రికార్డులు పోయాయి. దేశమంతా కేసులు పడ్డాయి, జడ్జీలు వరసగా స్టేలు ఇచ్చారు, ఏప్రిల్ 25న ప్రభుత్వ లాయర్లే లేచి రికార్డులు పునరుద్ధరిస్తున్నామని చెప్పారు.

మా కుర్రాడిదీ వచ్చింది. డిగ్రీ పూర్తి చేశాడు. మధ్యలో ఆ రోజుల్లో వాడు గదిలోంచి బయటికి రాలేదు, “అన్నా, ఇంట్లో మాత్రం చెప్పొద్దు” అని ఒకటే మాట. ఇప్పుడు వాడు కారు నడపడు. అమ్మేశాడు. మా దగ్గర బస్సు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి, జులై ఎండలో నిలబడి దాని కోసం చూస్తుంటాడు. రికార్డులో వాడి మీద ఇప్పుడు మచ్చ లేదు.

ఆ తర్వాత వీసాల ఆట. మే 27న కొత్త స్టూడెంట్ వీసా ఇంటర్వ్యూల స్లాట్లు ఆపమన్నారు. జూన్ 18న మళ్లీ మొదలెట్టమన్నారు, ఈసారి సోషల్ మీడియా ఖాతాలన్నీ పబ్లిక్‌గా పెట్టాలన్న షరతుతో. మూడు వారాలే కదా అని మావాడంటాడు. సీజన్‌లో మూడు వారాలవి. హన్మకొండలో మా కజిన్ కొడుకు యూనివర్సిటీ పంపిన ఐ-20 కాగితం చేతిలో పెట్టుకుని, బ్యాంకు లోన్ శాంక్షన్ చేయించుకుని, చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు కూడా చేసి, రాత్రంతా స్లాట్ల పేజీ రిఫ్రెష్ చేస్తూ కూర్చున్నాడు. దొరకలేదు. స్ప్రింగ్‌కి, అంటే జనవరికి, డిఫర్ చేసుకున్నాడు. బయటివాళ్లకి అది ఐదు నెలల ఆలస్యంగా కనిపిస్తుంది. వాడిది మూడు సెమిస్టర్ల ఎంఎస్. ఫాల్‌లో, అంటే ఆగస్టులో, చేరితే రెండు సెమిస్టర్లు అయ్యేసరికి వేసవి వస్తుంది, చదువు మధ్యలో పనిచేయడానికి ఇచ్చే సీపీటీ అనుమతి మీద ఇంటర్న్‌షిప్ చేయొచ్చు. జనవరిలో చేరినవాడికి మొదటి వేసవికి ఒక్క సెమిస్టరే అవుతుంది, కాబట్టి సీపీటీ రాదు. రెండో వేసవికి డిగ్రీ అయిపోతుంది. అంటే ఇంటర్న్‌షిప్ లేకుండానే బయటికొస్తాడు. ఇక్కడ మొదటి ఉద్యోగం చాలామందికి ఇంటర్న్‌షిప్ చేసిన కంపెనీలోనే వస్తుందని వేరే చెప్పాలా?

2025 ఆగస్టులో అమెరికాలో దిగిన విదేశీ విద్యార్థులు అంతకు ముందు ఆగస్టుతో పోలిస్తే దాదాపు 19 శాతం తగ్గారు. ఒక్క భారత్ నుంచి చూస్తే తగ్గుదల 40 శాతం పైనే. ఇందులో స్లాట్ల పుణ్యం ఎంత, ఉద్యోగాల భయం ఎంత, రూపాయి పతనం ఎంత అని విడదీయడం కష్టం. మొత్తం నెపం స్లాట్లు ఆపిన ఒక్క ఆదేశం మీద వేస్తే అన్యాయం.

మనవైపు తప్పుల్లేవా అంటే బోలెడు. 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడ్డప్పుడు అందులో ఎక్కువమంది మనవాళ్లే, కాళ్లకి రేడియో ట్యాగులు కట్టారని ఇక్కడా అక్కడా గొడవైంది. 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ అని ప్రభుత్వమే ఒక దొంగ యూనివర్సిటీ పెట్టి పట్టుకుంది, అందులోకి విద్యార్థుల్ని తోలిన బ్రోకర్లూ మనవాళ్లే. తప్పుడు బ్యాంకు బ్యాలెన్సులు చూపించే కన్సల్టెన్సీలు అమీర్‌పేటలో ఇంకా బోర్డులు పెట్టుకునే ఉన్నాయి. వీటి మీద గట్టిగా ఉండమనే నేనూ అంటాను. ఫార్మింగ్టన్ కేసులో ఏళ్ల తరబడి కూర్చుని, ఒక్కొక్క పేరూ రాసుకుని పట్టుకున్నారు, ఆ ఎర వేసిన తీరు నాకు నచ్చకపోయినా. 2025 ఏప్రిల్లో కంప్యూటర్లో పేర్లు కలిపి చూసి బటన్ నొక్కారు.

ఓపీటీ పుట్టిన తీరు

హెచ్-1బీ లక్ష డాలర్ల ఫీజు గురించి ఎంతో రాశారు కాబట్టి నేను ఎక్కువ రాయను. అదీ శుక్రవారమే, సెప్టెంబరు 19. అమలు ఆదివారం తెల్లవారుజాము నుంచి. విమానంలో కూర్చున్నవాళ్లు దిగిపోయారు. కొత్త పిటిషన్లకే అని శనివారం చెప్పారు, ఇక్కడే ఎఫ్-1 స్టూడెంట్ వీసా నుంచి మారేవాళ్లకి వర్తించదని అక్టోబరు 20న చెప్పారు. ప్రొఫెసర్లని బయటి నుంచి తెచ్చుకునే యూనివర్సిటీలకీ, లెక్కల టీచర్ దొరక్క విదేశాల నుంచి పిలిపించుకునే పల్లెటూరి స్కూళ్లకీ ఇది తగిలిందని ఐటీ గోలలో ఎవరూ పట్టించుకోలేదు. డిసెంబరులో వాషింగ్టన్ జడ్జి ఒకరు ఇది ప్రెసిడెంట్ అధికారంలోదేనని తీర్పిచ్చింది. ఇక్కడ ప్రభుత్వం గెలిచింది. ప్రభుత్వం గెలిచినా నా ఫిర్యాదు మారదు, ఒక ఫీజు కట్టాలో వద్దో తెలియడానికి నెల పట్టేలా ఎవరైనా ఆదేశం రాస్తారా?

మావాడి చివరి దెబ్బ మాత్రం నేను ఊహించలేదు. “సరే, పద్ధతి అంటున్నావు కదా. నీకూ నాకూ అన్నం పెట్టిన స్టెమ్ ఓపీటీ ఎలా వచ్చింది? కాంగ్రెస్ పాస్ చేసిందా?” లేదు. 2008లో బుష్ ప్రభుత్వం, జనం అభిప్రాయాలు అడగకుండా, ఒక్క రూల్‌తో ఓపీటీని, అంటే చదువయ్యాక ఇక్కడే పనిచేసుకునే అనుమతిని, స్టెమ్ వాళ్లకి (సైన్సు, ఇంజినీరింగ్ లాంటివి చదివినవాళ్లకి) పదిహేడు నెలలు పెంచేసింది. 2012లో ఒబామా, చిన్నప్పుడు కాగితాల్లేకుండా వచ్చిన పిల్లలకి డాకా ఇచ్చింది ఒక మెమోతో. బైడెన్ స్టూడెంట్ లోన్ల మాఫీ కూడా సొంతంగా ప్రకటించిందే, 2023లో సుప్రీంకోర్టు కొట్టేసింది. “అప్పుడు మీరెవరూ పద్ధతి అని అరవలేదే?” అన్నాడు.

దీనికి జవాబు వెతుకుతూ ఆ ఓపీటీ కేసు మళ్లీ చదివాను. జవాబు అందులోనే ఉంది. 2015 ఆగస్టులో వాషింగ్టన్ జడ్జి ఆ 2008 రూల్ చెల్లదంది. కారణం, నోటీసు ఇచ్చి అభిప్రాయాలు తీసుకోకపోవడం. సరిగ్గా నేను గోల పెడుతున్న తప్పే. అయితే ఆ రోజే రద్దు చేస్తే వేల మంది ఉద్యోగాలు మధ్యలో వదిలేసి పోవాల్సి వస్తుందని, 2016 ఫిబ్రవరి దాకా గడువిచ్చింది. తర్వాత మే దాకా పొడిగించింది. ప్రభుత్వం ఆ సమయంలో కొత్త రూల్ ప్రతిపాదించి, యాభై వేలకి పైగా వచ్చిన అభిప్రాయాలు చూసి, ఇరవై నాలుగు నెలలతో మళ్లీ తెచ్చింది. ఇవ్వడానికి హడావుడి పడ్డా తట్టుకోవచ్చు, అందుకున్నవాడి జీవితం మధ్యలో తెగిపోదు. తీసేసేటప్పుడు హడావుడి పడితే తెగుతుంది. ఈ రెండూ ఒకటే అని మావాడంటాడు, ఒకటి కాదని నేనంటాను. పూర్తిగా గెలిచానని మాత్రం చెప్పను, ఎందుకంటే ఇచ్చేటప్పుడు దారి తప్పితే తీసుకునేవాడికి కూడా అదే దారి చూపించినట్టవుతుంది, ఆ మాటకి నా దగ్గర గట్టి జవాబు లేదు.

పద్ధతిగా చేయడం వీళ్లకి రాదనీ కాదు. 2025 జులై 4న సంతకమైన పెద్ద బిల్లు ఉంది. అందులో పెద్ద ఎండోమెంట్ల మీద పన్ను 1.4 నుంచి 8 శాతం దాకా పెంచారు, గ్రాడ్యుయేట్ విద్యార్థులకి ప్రభుత్వం ఇచ్చే ప్లస్ లోన్లు 2026 జులై 1 నుంచి కొత్తవాళ్లకి ఆపేశారు. నాకు ఆ లోన్ల రద్దు నచ్చలేదు, మా పక్కింటివాళ్లమ్మాయి మెడిసిన్‌కి వెళ్లాలని చూస్తోంది, వాళ్లకి నిద్రపట్టట్లేదు. కానీ అది సభలో ఓటేసి తెచ్చిన చట్టం, తేదీ రాసి ఉంది, ఏడాది టైమిచ్చారు. వాళ్ల డైనింగ్ టేబుల్ మీద ఎక్సెల్ షీట్ ప్రింటౌట్లు ఉన్నాయి, ఏ కాలేజీ అయితే ఎంత అప్పు, ఇల్లు మళ్లీ తాకట్టు పెడితే ఎంత వస్తుంది అని. బాధపడుతూనే ప్లాన్ చేసుకుంటున్నారు. మా కజిన్ కొడుక్కి ఆ అవకాశం కూడా రాలేదు.

ఆగస్టులో వచ్చిన ఇంకో ప్రతిపాదన కూడా ఇలాంటిదే. విద్యార్థులు చదువు సాగినంత కాలం ఉండొచ్చన్న పాత ఏర్పాటు తీసేసి, గరిష్ఠంగా నాలుగేళ్లే లోపలికి రానిస్తామని, ఆ పైన కావాలంటే మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలని. నాకు ఇది పరమ చెడ్డ ఆలోచన అనిపిస్తుంది. కానీ దీన్ని ప్రతిపాదనగా ప్రకటించారు, అభిప్రాయాలకి సెప్టెంబరు 29 దాకా గడువు పెట్టారు. నేనూ కూర్చుని ఒక పేజీ రాసి పంపాను. సైన్సులో పీహెచ్‌డీకి మామూలుగానే ఐదారేళ్లు పడుతుందని, నాలుగో ఏడు చివర్లో, ప్రయోగం సగంలో ఉండగా, పొడిగింపు వస్తుందో రాదో తెలీని విద్యార్థిని ఏ ప్రొఫెసరూ ముందు ల్యాబ్‌లోకి తీసుకోడని, అలాంటప్పుడు అడ్మిషన్ కమిటీ ఫిబ్రవరిలో బయటి దేశం అప్లికేషన్లని పక్కన పెట్టేస్తుందని రాశాను. మావాడికి కూడా చదివి వినిపించాను. ఐదో ఏటికి ఆటోమేటిక్ పొడిగింపు ఉండాలని ఒక వాక్యం చేర్చమన్నాడు, చేర్చాను.